గూగుల్‌లో కొట్టండి: ఒక ప్రకటన వాక్యం గురించి

కథల మీద, కవితా సంపుటాల మీద సమీక్షలు రాసుకుంటూ ఉంటాం. మనవాళ్ళలో ఎక్కువమంది రోజూ చదివే రచన మాత్రం వేరే ఉంది. ఫ్లెక్సీ మీది రాత, బస్సు వెనక రాత, పేపరు మడతలో పెట్టి పంచే కరపత్రం. వాటికి సమీక్షకుడు లేడు. ఉండాల్సిన అవసరం ఉందనిపించి ఈ నాలుగు మాటలు.

ఆ రాతలో వచ్చిన మార్పు ఒకటి ఉంది. ఒకప్పుడు ప్రకటన అడుగున వెబ్‌సైటు చిరునామా వేసేవారు. మూడు డబ్ల్యులు, ఒక చుక్క, పొడుగాటి ఇంగ్లీషు పేరు, మళ్ళీ చుక్క, కామ్. ఇప్పుడు చాలాచోట్ల ఆ జాగాలో ఒక వాక్యం వచ్చి కూర్చుంటోంది: "గూగుల్‌లో మా పేరు కొట్టండి". యూట్యూబ్ చానలు వాళ్ళదీ ఇదే మాట, కోచింగ్ సెంటరు వాళ్ళదీ ఇదే మాట, విత్తనాల కంపెనీ వాళ్ళదీ ఇదే మాట. పావగడ తాలూకాలో ఉంటూ, ఇంట్లో తెలుగు మాట్లాడి, బడిలో కన్నడం చదివి, ఫోనులో ఇంగ్లీషు అక్షరాలు ఒత్తే మనలాంటివాళ్ళకు ఇది చిన్న మార్పు కాదు.

ముందు వాక్యాన్నే చూద్దాం. భాషగా చూస్తే ఇది మంచి వాక్యం. 'కొట్టు' అనే క్రియ మన భాషలో ఎంత పని చేస్తుందో లెక్కలేదు. టెంకాయ కొడతాం, దండోరా కొడతాం, ఒకప్పుడు టెలిగ్రాం కొట్టాం, టైపు కొట్టాం, ఫోను కొట్టాం. కొత్త యంత్రం ఏది వచ్చినా తెలుగువాడు దాన్ని ముందు కొట్టి చూస్తాడు. 'అన్వేషించండి', 'శోధించండి' అని అనువాదకులు తయారు చేసిన మాటలు కంప్యూటరు తెర మీద ఉన్నాయి గానీ, గోడ మీదకి రాలేదు. గోడకి తన తెలుగు తనకుంది. ఈ విషయంలో గోడ రాసేవాడు నిఘంటువు రాసేవాడికన్నా తెలివైనవాడని నా అభిప్రాయం.

చిరునామా ఎందుకు ఓడిపోయింది? వెబ్ చిరునామాలో మొదట్లో ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, అడ్డగీత తప్ప మరేవీ పనికిరావు. అంటే తెలుగు మాటకు చిరునామా పెట్టాలంటే దాన్ని ముందు ఇంగ్లీషు అక్షరాల్లోకి దించాలి. ఎలా దించాలన్న దానికి మనకు ఒప్పందం లేదు. 1998లో అమెరికా తెలుగువాళ్ళు మొదలుపెట్టిన 'ఈమాట' పత్రికనే తీసుకోండి. పేరు ఎంత సొగసుగా ఉంది! దాని చిరునామాను ఫోనులో ఒకరికి చెప్పి చూడండి. "ఇ రెండుసార్లు, ఎమ్ ఒకసారి, ఎ రెండుసార్లు, టి, మళ్ళీ ఎ, ఈసారి ఒక్కటే." మూడక్షరాల ముచ్చటైన మాట, ఒక పేరు, లెక్కల పరీక్ష అయిపోతుంది. 1990ల మొదట్లో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ ఆర్.టి.ఎస్. అనే లిప్యంతర పద్ధతి తయారు చేశారు. అందులో పెద్దక్షరానికి ఒక ధ్వని, చిన్నక్షరానికి ఒక ధ్వని. వెబ్ చిరునామాలో పెద్దక్షరం, చిన్నక్షరం ఒకటే. ఇక 'త'కూ 'ట'కూ తేడా చూపించడం ఎలా? మనవాళ్ళు 'త'కు హెచ్ తగిలించారు. కొందరు తగిలించలేదు. అందువల్ల ఒకే ఊరికి రెండు, ఒకే మనిషికి మూడు ఇంగ్లీషు రూపాలు.

తెలుగు అక్షరాల్లోనే చిరునామా పెట్టుకునే వీలు లేకపోలేదు. ఇతర లిపులకు సాంకేతిక ప్రమాణం 2003లో వచ్చింది. 2011లో '.భారత్' అనే తోక తెలుగు అక్షరాల్లో మంజూరయింది. ఉన్నదని ఎంతమందికి తెలుసు? నేను చూసిన గోడల్లో ఒక్కదాని మీదా ఆ తోక కనబడలేదు. పైగా లోపల యంత్రం దాన్ని మళ్ళీ ఇంగ్లీషు అక్షరాల గజిబిజిగా మార్చుకుని గానీ అర్థం చేసుకోదు. పట్టాలు వేసి రైలు నడపని మార్గంలా మిగిలిపోయింది.

అసలు మనకు చిరునామా అలవాటు ఎప్పుడుంది? 1972 ఆగస్టు 15న పిన్‌కోడు వచ్చింది. ఇన్నేళ్ళ తర్వాత కూడా పల్లెకు వచ్చే చుట్టానికి తలుపు నంబరు ఎవరూ చెప్పరు. "బస్సు దిగి, రావిచెట్టు దగ్గర ఫలానావాళ్ళ ఇల్లేదని అడుగు, చెప్తారు" అంటాం. పావగడలో అయితే శనిమహాత్ముడి గుడి నుంచి లెక్క మొదలవుతుంది. గుడికి ఎదురు, గుడికి వెనక, గుడి దాటి ఎడమపక్క. "అడుగు, చెప్తారు" అన్నదే మన చిరునామా పద్ధతి. గూగుల్‌లో కొట్టండి అన్నది ఆ పద్ధతికే కొత్త రూపం. అందుకే అంత తేలిగ్గా ఒంటబట్టింది. కాకపోతే రావిచెట్టు కింద కూర్చున్న పెద్దమనిషి దారి చెప్పడానికి ఎవరి దగ్గరా డబ్బు తీసుకోడు. ఇక్కడ కూర్చున్నవాడు తీసుకుంటాడు. వ్యాసంలో అసలు సంగతి ఇదే.

ఈ అలవాటు మనతో మొదలు కాలేదు. అమెరికాలో 1990లలో ఏ.ఓ.ఎల్. అనే కంపెనీ తన చందాదారులకు 'కీవర్డు' అనే పద్ధతి పెట్టింది. టీవీ ప్రకటన చివర ఒక మాట చెప్పేవారు, చందాదారు ఆ మాట కొడితే సరాసరి ఆ పుట తెరుచుకునేది. ఆ కంపెనీ గోడల లోపల మాత్రమే పనిచేసే మాట అది. ఆ తర్వాత రియల్‌నేమ్స్ అనే సంస్థ ఇంకా పెద్ద ఆశ పెట్టుకుంది. చుక్కలు, కామ్‌లు లేకుండా ఎవరి భాషలో వాళ్ళు పేరు కొడితే ఆ గుమ్మానికి చేర్చడం. మైక్రోసాఫ్ట్ బ్రౌజరుతో ఒప్పందం కుదిరింది. 2002లో మైక్రోసాఫ్ట్ ఒప్పందం పొడిగించలేదు, రియల్‌నేమ్స్ మూతబడింది. పేర్లు కొనుక్కున్నవాళ్ళ పేర్లు ఒక్కరోజులో ఉత్త మాటలయ్యాయి. కొరియాలో నెట్‌పియా అనే సంస్థ కొరియన్ అక్షరాల పేర్లతో ఇలాంటి వ్యాపారమే నడిపింది.

జపాన్ దారి మనకు మరింత దగ్గర. 2000ల నడుమ నుంచి అక్కడి పోస్టర్ల మీద, రైలు పెట్టెల్లోని ప్రకటనల మీద ఒక బొమ్మ కనిపించడం మొదలైంది. పొడుగాటి పెట్టె, అందులో జపనీస్ లిపిలో ఒక మాట, పక్కన 'వెతుకు' అనే బొత్తాం, దాని మీద బాణం గుర్తు. కాగితం మీద బొత్తాం! నొక్కితే ఏమీ కాదు. ఇంటికి వెళ్ళి ఆ మాట కొట్టమని అర్థం. కారణం మనదే. వాళ్ళ లిపి వేరు, ఇంగ్లీషు అక్షరాల చిరునామా రైల్లో వెళ్తూ వెళ్తూ గుర్తుపెట్టుకోవడం కష్టం. సొంత లిపిలో ఒక మాటయితే మనసులో నిలుస్తుంది. ఆ బొమ్మలో నాకు నచ్చిన గుణం ఒకటి ఉంది. ఏ మాట కొట్టాలో, ఏ అక్షరాల్లో కొట్టాలో కచ్చితంగా చూపిస్తుంది. మన గోడల మీద "మా పేరు కొట్టండి" అంటారే గానీ, ఆ పేరు ఏ లిపిలో, ఏ వర్ణక్రమంలో అన్నది చెప్పరు. బద్ధకం. ఇంకా పచ్చిగా చెప్పాలంటే, చదివేవాడి కష్టం రాసేవాడికి పట్టలేదు.

పట్టకపోతే ఏమవుతుందో 2006లో అమెరికాలో ఒక కార్ల కంపెనీ చూసింది. జనరల్ మోటార్స్ వాళ్ళ పాంటియాక్ కారుకు టీవీ ప్రకటన వేసి, మా మాట నమ్మొద్దు, గూగుల్‌లో చూసుకోండి అన్నారు. మాజ్డా వాళ్ళు అది విని, 'పాంటియాక్' అనే మాట మీద ప్రకటన జాగా కొనేశారు. పాంటియాక్ అని కొట్టినవాడికి పక్కనే మాజ్డా కారు కనిపించింది, రెంటినీ పోల్చి చూసుకోమని. టీవీ ఖర్చు ఒకరిది, గిరాకీలో వాటా ఇంకొకరిది. పాంటియాక్ పేరే 2010కల్లా అంతరించింది. దానికి కారణాలు వేరు, ప్రకటన కాదు లెండి.

ఇలాంటి తగాదా మన దగ్గరా కోర్టుకెక్కింది. భారత్ మాట్రిమొనీ నడిపే చెన్నై కంపెనీ కన్‌సిమ్ ఇన్ఫో, మా పేర్లు కొడితే పోటీ సంబంధాల సంస్థల ప్రకటనలు చూపిస్తున్నారని గూగుల్ మీద, ఆ పోటీ సంస్థల మీద మద్రాసు హైకోర్టుకు వెళ్ళింది. 2010లో వచ్చిన తీర్పు ఆ కంపెనీకి కావలసిన నిషేధపు ఉత్తర్వు ఇవ్వలేదు. 'భారత్', 'మాట్రిమొనీ' వంటివి అందరూ వాడే మాటలు, వాటిని ఒకరి సొత్తుగా మూసిపెట్టడం కుదరదన్నది అందులోని తర్కం. 2023లో ఢిల్లీ హైకోర్టు, సామాను తరలించే అగర్వాల్ కంపెనీ కేసులో, వేరే దిక్కు నుంచి మాట్లాడింది. ఒకరి వ్యాపార చిహ్నాన్ని వెతుకుమాటగా అమ్మడం కూడా ఆ చిహ్నాన్ని వాడటమే, అయితే కొనేవాడు మోసపోయే అవకాశం ఉంటేనే తప్పు అంది. ఈ రెండు తీర్పుల్లో సాహిత్యానికి పనికివచ్చే సంగతి ఉంది. మామూలు మాటతో పేరు పెట్టుకుంటే అందం, ఆత్మీయత దక్కుతాయి, హక్కు దక్కదు. ఎవరికీ లేని మాటతో పెట్టుకుంటే హక్కు దక్కుతుంది, కొట్టగానే దొరుకుతుంది, కానీ ఆ మాట జనం నోట్లో ఉండదు.

మన పత్రికల పేర్లు ఈ కళ్ళతో చూడండి. 'ఈ మాట' అని తెలుగులో కొడితే, తెలుగులో "ఈ మాట" అన్న ప్రతి మనిషీ ఎదురొస్తాడు. 'సారంగ' అంటే రాగం ఉంది, లేడి ఉంది. 'పొద్దు' అంటే రోజూ పొడుస్తుంది. పేరు పెట్టినవాళ్ళు కవులు. వాళ్ళ చెవి ధ్వని విన్నది, యంత్రం ఏం వింటుందో వాళ్ళు ఆలోచించలేదు, ఆలోచించనక్కరలేదు కూడా. సినిమావాళ్ళు ఇంకా ముందుకు పోయారు. 2018లో 'అ!' అని ఒక్క అక్షరంతో సినిమా వచ్చింది. వెతుక్కునేవాడు దాని ఇంగ్లీషు పేరుతో వెతుక్కోవాల్సిందే. చివరికి తెలుగు సినిమాని చేరే దారి ఇంగ్లీషు గుండానే.

దుకాణాల పేర్లది వేరే కథ. శ్రీ వెంకటేశ్వర, శ్రీ లక్ష్మీ వెంకటేశ్వర, శ్రీ మంజునాథ. దేవుడి పేరు పెట్టుకున్న కొట్టువాడు "గూగుల్‌లో మా పేరు కొట్టండి" అంటే, తిరుపతి నుంచి ధర్మస్థలం దాకా ఉన్న కొట్లన్నీ వచ్చి నిలబడతాయి. ఆయనకు దేవుడే దిక్కు.

ఇక మన ఊళ్ళ సంగతి. రాయచెర్లును తీసుకుందాం. ఇది దేశానికి కరెంటు ఇస్తున్న ఊరు. పావగడ సౌరవిద్యుత్ పార్కు విస్తరించిన అయిదు ఊళ్ళలో ఒకటి. తక్కినవి తిరుమణి, వల్లూరు, బళసముద్రం, క్యాతగానచెర్లు. 2,050 మెగావాట్లు, దాదాపు 13,000 ఎకరాలు. నేలను రైతుల దగ్గర కొనలేదు, కౌలుకు తీసుకున్నారు. మొదట్లో ఎకరానికి ఏడాదికి 21,000 రూపాయలు, 28 ఏళ్ళకు. ఇంత పెద్ద సంగతి జరిగిన ఊరి పేరును గూగుల్‌లో కొట్టి చూడాలనుకున్నవాడు ముందు ఏ పేరు కొట్టాలో తేల్చుకోవాలి. ఇంగ్లీషు పేపర్లు ఎక్కువగా 'రాయచర్లు' అనే వర్ణక్రమం వాడాయి. మన నోట అది 'చెర్లు'. చెరువులు అనే మాట మన వాడుకలో చెర్లు అవుతుంది కాబట్టి చెవికి ఆ పేరులో నీళ్ళు వినిపిస్తాయి. 'చర్లు' అనేసరికి ఆ నీళ్ళు ఇంకిపోయాయి. తెలిసీ తెలియనట్టు 'రాయలచెరువు' అని కొడితే అనంతపురం జిల్లాలో ఒకటి, తిరుపతి దగ్గర ఒకటి ఉన్నాయి, అక్కడ తేలతాం.

తాలూకా పేరు కలిపి కొడదామా? పావగడకు గుజరాతులో పేరున్న బంధువొకడు ఉన్నాడు. పావాగఢ్ కొండ, కాళికామాత గుడి, 2004లో యునెస్కో జాబితాకెక్కిన చంపానేర్–పావాగఢ్. ఇంగ్లీషులో చివర ఒక్క అక్షరం తేడా. పార్కు పేరు కొడదామా? దానికి 'శక్తి స్థల' అని నామకరణం చేశారు. ఢిల్లీలో ఇందిరాగాంధీ సమాధి పేరు 'శక్తి స్థల్'. 2018లో పేరు పెట్టినవారికి ఇది తట్టిందో లేదో గానీ, వెతుకుమాటగా ఇంతకన్నా చెడ్డ ఎంపిక కష్టం. జిల్లా పేరు కలుపుదామా? 2014 నవంబరు 1న తుంకూరు తుమకూరు అయింది, ఇంగ్లీషు వర్ణక్రమం మారింది. పాత కాగితాల్లో పాతది, కొత్త వాటిలో కొత్తది. పక్కనున్న మన ఆంధ్రవాళ్ళకూ ఇదే తంటా. 2022 ఏప్రిల్‌లో అనంతపురం జిల్లాలోంచి శ్రీ సత్యసాయి జిల్లా విడిపోయింది. మడకశిర, హిందూపురం అటు పోయాయి.

పోగా కౌలు సంగతులు చూసే కార్పొరేషన్ పేరు ఇంగ్లీషు పొడి అక్షరాల్లో కె.ఎస్.పి.డి.సి.ఎల్. ఆ ఆరక్షరాలు వరసగా చెప్పగలిగిన రైతుకు వెబ్ చిరునామాతో పనే లేదు. చెప్పలేని రైతుకు వెతుకుమాట కావాలి. కౌలు ఎప్పుడు పడుతుంది, ఎంత పెరుగుతుంది, ఎవరిని అడగాలి? ఈ ప్రశ్నలు రైతు తన మాటల్లో అడుగుతాడు. ఆ మాటలకు జవాబుగా నిలబడే పుట ఎవరో రాసి ఉంటేనే యంత్రం తెచ్చి చూపిస్తుంది. రాయనిదాన్ని అది పుట్టించలేదు. ఈ మధ్య పుట్టిస్తోంది కూడా; కొన్ని వెతుకులాటలకు పైన తనే ఒక జవాబు అల్లి పెడుతోంది. ఆ జవాబు ఎక్కడి పుటల్లోంచి అల్లిందో చూసేవాళ్ళు తక్కువ. మన ఊరి గురించి మన మాటల్లో పుటలు లేనప్పుడు అది ఇతరుల మాటల్లోంచే అల్లుతుంది.

ఇంకో ప్రమాదం చెప్పకుండా ముందుకు పోకూడదు. గ్యాస్ కంపెనీ, బ్యాంకు, కొరియరు పేరు కొట్టి పక్కన 'కస్టమర్ కేర్' అని చేర్చి వెతికితే, దొంగలు పెట్టిన నంబర్లు పైన కనబడి, వాటికి ఫోన్ చేసినవాళ్ళ ఖాతాలు ఖాళీ అయిన సంఘటనలు దేశమంతా జరిగాయి. పోలీసులు పదే పదే హెచ్చరిస్తున్నారు. చిరునామా ఇచ్చిన ప్రకటన ఒక గుమ్మం చూపిస్తుంది. వెతుకుమాట ఇచ్చిన ప్రకటన ఒక సంత చూపించి, అందులో మమ్మల్ని పోల్చుకో అంటుంది. కవిత్వ పత్రికకైతే ఆ తేడా వల్ల పాఠకుడు తప్పిపోతాడు, అంతే. బ్యాంకు అలా అనడం నేరమంత బాధ్యతారాహిత్యం. బ్యాంకులు, ప్రభుత్వ కార్యాలయాలు చిరునామాను, నంబరును పూర్తిగా అచ్చు వేయాలి, అది ఎంత వికారంగా ఉన్నా సరే.

లిపి ప్రశ్నకు వస్తాను. ప్రవాసాంధ్రులు, సరిహద్దు తెలుగువాళ్ళు చదివే పత్రికలకు ఇది అన్నిటికన్నా బరువైనది. తెలుగు లిపీ కన్నడ లిపీ అక్కచెల్లెళ్ళు. ఒకటి వచ్చినవాడు రెండోది సగానికి పైగా పోల్చుకోగలడు. యంత్రానికి ఆ బంధుత్వం తెలియదు. యూనికోడ్ పట్టికలో తెలుగు వీధి అయిపోయిన చోటే కన్నడ వీధి మొదలవుతుంది. గోడకు గోడ ఆనుకున్న ఇళ్ళు. అయినా ఒక ఇంట్లోని 'ర' వేరు, పక్కింటి 'ర' వేరు. రాయచెర్లు అని తెలుగులో కొడితే ఒక మాట, కన్నడంలో కొడితే సంబంధం లేని ఇంకో మాట. మనిషి కంటికి చుట్టరికం, యంత్రానికి అపరిచయం. పైగా వెబ్ చిరునామాల నియమాలు రాసేవాళ్ళు ఈ పోలికను మోసానికి సందుగా చూసి, ఒక లిపిలోని పేరును రెండో లిపిలో మరొకరు తీసుకోకుండా కట్టుబాట్లు ఆలోచించారు. వాళ్ళ భయం అర్థం లేనిది కాదు. కానీ ఇన్ని శతాబ్దాల చెలిమికి ఇలాంటి సర్టిఫికెట్టు వస్తుందని ఎవరనుకున్నారు?

ఆచరణలో మాట చూడండి. పావగడ పిల్లలు తెలుగులో పోట్లాడుకుంటారు, తెలుగులో ఏడుస్తారు, కన్నడంలో పరీక్ష రాస్తారు. వాళ్ళకు తెలుగు అక్షరాల్లో వెతుకుమాట వేసి ఇస్తే చదవడానికే కూడబలుక్కోవాలి, కొట్టడం తర్వాతి మాట. హొసూరు పిల్లలది ఇంకా ఇరుకు. తమిళనాడులో 2006 చట్టంతో బడిలో తమిళం తప్పనిసరి అయింది. తమిళ లిపిలో 'క'కూ 'గ'కూ ఒకటే అక్షరం, 'త'కూ 'ద'కూ ఒకటే. తెలుగు పేరును ఆ లిపిలో రాసి వెతికితే ఏది దొరుకుతుందో ఎవరు చెప్పగలరు? బరంపురంలో ఒడియా లిపి, ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్లలో బెంగాలీ లిపి. తెలుగు ఒక్కటే, దాన్ని కొట్టే వేళ్ళు అయిదారు లిపుల్లో ఉన్నాయి. 'తెలుగులో కొట్టండి' అనే వాక్యాన్ని హైదరాబాదులో కూర్చుని రాసినవాడికి ఈ సంగతి ఊహకు కూడా రాదు.

నోటితో చెప్పే వీలు వచ్చింది కదా అంటారు. నిజమే. 2017లో గూగుల్ మాటను విని రాసుకునే సదుపాయాన్ని తెలుగుకూ కన్నడానికీ ఒకేసారి ఇచ్చింది. చదువు రానివాళ్ళకు, లిపి రానివాళ్ళకు ఇది పెద్ద మేలు. ఈ వ్యాసంలో మెచ్చుకోదగ్గవి తక్కువ కాబట్టి దీన్ని గట్టిగానే మెచ్చుకుంటాను. కానీ ఫోనులో ఏ భాష పెట్టి ఉంటే ఆ భాష చెవితోనే అది వింటుంది. కన్నడం పెట్టిన ఫోనుకు తెలుగు చెబితే దాన్ని కన్నడం మాటల్లోకి లాక్కుంటుంది. మనం ఒకే వాక్యంలో రెండు భాషలు కలిపి మాట్లాడేవాళ్ళం. ఆ వాక్యానికి సరిపోయే చెవి ఇంకా కావాలి.

గళ్ళగళ్ళ చతురస్రం సంగతి కూడా చెప్పుకోవాలి. క్యూఆర్ కోడ్ 1994లో జపాన్‌లో కార్ల విడిభాగాలు లెక్కపెట్టుకోవడానికి డెన్సో వేవ్ కంపెనీవాళ్ళు చేసిన గుర్తు. ఇవాళ టీ బంకు మీద కూడా ఉంది. ఫోను చూపిస్తే చాలు, మాట అక్కర్లేదు, వర్ణక్రమం అక్కర్లేదు, లిపి తగాదా లేదు. పోటీవాడు నడుమ దూరడు. ఇన్ని సుగుణాలున్నా, భాష మీద మమకారం ఉన్నవాడికి అది నచ్చదు. ఏం రాసి ఉందో కంటికి తెలియదు. దాని మీద ఇంకో చతురస్రం అతికించి పోయినా తెలియదు. ముఖ్యంగా, దాన్ని నోటితో చెప్పలేం. బస్సులో పక్కవాడికి "ఫలానా పత్రికలో మంచి కథ వచ్చింది, ఇలా కొట్టి చూడు" అని చెప్పగలం. చతురస్రాన్ని ఎలా చెబుతాం? చిన్న పత్రికలు బతికింది నోటిమాట మీద. వెతుకుమాటలో నాకు ఇష్టమైన గుణం అదొక్కటే, కానీ అది చాలా పెద్ద గుణం.

అందుచేత సరిహద్దు పత్రికలు తమ వెనక అట్ట మీద ఏం వేసుకోవాలన్నది తేల్చాల్సిన ప్రశ్న. నా లెక్క ఇది. పేరు ఒక్కటే వేసి ఊరుకోకూడదు. పేరు పక్కన ఊరిని చేర్చాలి. 'తెలుగు మాసపత్రిక' అంటే వెయ్యి, 'పావగడ తెలుగు మాసపత్రిక' అంటే వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. ఊరు చేర్చడం మనకు కొత్త కాదు, ఇంటిపేర్లు సగం ఊళ్ళ నుంచి వచ్చినవే. ఆ మాటను తెలుగు అక్షరాల్లో ఒకసారి, కన్నడ అక్షరాల్లో ఒకసారి, ఇంగ్లీషులో ఒక్క వర్ణక్రమం నిర్ణయించుకుని ఒకసారి వేయాలి, జపాన్ వాళ్ళలా పెట్టె గీసి. ఆ వర్ణక్రమాన్నే బోర్డు మీద, రసీదు పుస్తకం మీద, ప్రతి సంచికలో వాడాలి. కన్నడ అక్షరాల్లో తెలుగు పత్రిక పేరేమిటని ముఖం చిట్లించే పెద్దలు ఉంటారు. వాళ్ళ మనవళ్ళను అడిగి చూడమనండి, పత్రిక పేరు ఏ అక్షరాల్లో ఉంటే చదవగలరో.

వాటి కింద పోస్టు చిరునామా పూర్తిగా, పిన్‌కోడుతో సహా ఉండాలి. రియల్‌నేమ్స్ మూతబడింది. ఏ.ఓ.ఎల్. కీవర్డుల కాలం పోయింది. పిన్‌కోడు 1972 నుంచి మారకుండా పనిచేస్తోంది, ఆరంకెలకు ఎవరూ వేలం పాడలేదు.